గుంటూరు మిర్చి, రాటర్‌డ్యామ్ రేవు: రెండు కంటైనర్ల పని డైరీ

గుంటూరులో ఇద్దరు భాగస్వాములం కలిసి చిన్న ఎగుమతి సంస్థను నడుపుతున్నాము. ముచ్చిక (తొడిమ) తీసిన ఎండు మిరపకాయను 20 అడుగుల కంటైనర్‌లో చెన్నై రేవు నుంచి రాటర్‌డ్యామ్‌కు పంపిన రెండు ప్రయత్నాల లెక్క ఇది. మొదటి కంటైనర్‌లో 22 బస్తాలకు బూజు పట్టింది; రెండోదానిలో 2 బస్తాలు తడిశాయి. ఇదే పనికి దిగేవారు మా కొలతలను తీసుకొని, మా పొరపాట్లను మాకే వదిలేస్తారన్న ఉద్దేశంతో రాస్తున్నాను. ఐఈసీ (ఎగుమతి, దిగుమతి కోడ్) నంబరు, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషను, కొనుగోలుదారుతో బేరసారాలు ఇక్కడ రాయడం లేదు. సరుకు షెడ్డులోకి వచ్చిన రోజునే మొదటి రోజుగా లెక్కించాను.

దశ 1: సరుకు, నమూనా

2024 మే మొదటి వారంలో తేజ రకం 8,600 కిలోలు కొన్నాము. టిక్కీల (మిర్చి నింపే పెద్ద గోనె బస్తాల) మూతులు విప్పి, చేతికి అందినంతలో రెండు కిలోల కాయ తీసి ప్రైవేటు ప్రయోగశాలకు పంపాము. బూజు వల్ల పుట్టే విషం అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 1.9 మైక్రోగ్రాములని నివేదిక వచ్చింది. యూరోపియన్ యూనియన్ 2023/915 నిబంధన ప్రకారం ఎండు మిరపలో బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని అఫ్లటాక్సిన్లు కలిపి 10, అలాంటిదే మరో బూజు విషం ఆక్రాటాక్సిన్-ఎ 20 దాటకూడదు. అంటే పరిమితిలో సగం కూడా లేదు కదా అనుకున్నాము.

ముచ్చికలు తీసే పని మొదలైన మూడో రోజున, టిక్కీల అడుగు భాగాల్లో తాలు (రంగు వెలిసి చెడిన) కాయలు గుంపులుగా బయటపడ్డాయి. కల్లంలో ఉండగా ఒక వాన తగిలిన కాయ అది. రైతు దాచిపెట్టింది కాదు, మేము అడగనిది. అఫ్లటాక్సిన్ సరుకంతటా సమానంగా ఉండదు. వందల కాయల్లో ఒకటి రెండింటిలోనే ఎక్కువ మోతాదులో పేరుకుంటుంది కనుక, ఆ కాయలు నమూనాలోకి రాకపోతే నివేదిక మొత్తం బాగున్నట్టే చెబుతుంది. రెండోసారి నమూనాను ఈ విధంగా తీశాము.

1. 60 టిక్కీలను ఎంచి, ఒక్కో టిక్కీ పైన, మధ్య, అడుగు భాగాల నుంచి కలిపి 100 గ్రాముల చొప్పున తీశాము. మొత్తం 6 కిలోలు.
2. ఆ 6 కిలోలనూ ఒకేసారి పొడి చేయించాము. కాయగా ఉన్నప్పుడు భాగాలు చేస్తే తేడా అలాగే మిగిలిపోతుంది.
3. పొడిని బాగా కలిపి మూడు భాగాలు చేసి, ఒకటి పరీక్షకు పంపి, రెండింటికి సీలు వేసి దాచాము.

ఈసారి బి1 6.8 వచ్చింది. తాలు, మచ్చ, విరుగుడు కాయలన్నీ ఏరించి, అదే పద్ధతిలో మూడోసారి పరీక్షిస్తే 2.6 కి దిగింది. మందు చల్లలేదు, కడగలేదు. ఏరడం ఒక్కటే చేశాము.

బరువు లెక్క: కొన్నది 8,600 కిలోలు. ముచ్చికలు 520, తాలు, విరుగుడు 310, దుమ్ము, ఆరుదల 120 పోగా మిగిలింది 7,650 కిలోలు.

ఇప్పటివరకు: 11 రోజులు. సరుకు రూ.15,91,000, కూలి రూ.60,000, పరీక్షలు రూ.22,000. మొత్తం రూ.16,73,000.

దశ 2: తేమ

ఈ దశ మీద పెట్టాల్సినంత సమయం పెట్టకపోవడమే మొదటి కంటైనర్ నష్టానికి మూలం.

షెడ్డులో ఉన్న తేమ మీటరు 10.2 శాతం చూపించింది. అదే కాయకు ప్రయోగశాల 11.9 ఇచ్చింది. మా మీటరు ధాన్యం కోసం తయారైనది; మిరపకాయ లోపల ఖాళీ, పైన గట్టి పెచ్చు ఉండడం వల్ల దాని లెక్క తప్పుతుంది. ప్రయోగశాలలో సుగంధద్రవ్యాలకు టోలీన్‌తో కలిపి మరిగించి, వేరుపడిన నీటిని గాజు గొట్టంలో కొలుస్తారు. మామూలు ఓవెన్‌లో ఎండబెడితే నూనెలు కూడా ఆవిరై నీటి లెక్కలో కలిసిపోతాయి. మీటరును పక్కనపెట్టాము.

అయినా తేడా మొత్తం మీటరుది కాదని మరుసటి రోజు తెలిసింది. ఉదయం షెడ్డులోకి వెళ్లేసరికి పట్టా మీద పోసిన కాయ మామూలుకంటే ఎక్కువ మెరుస్తున్నది. గుప్పెడు తీసి చెవి దగ్గర ఊపితే గింజల గలగల వినిపించలేదు. నలిపితే పెచ్చు విరగకుండా తోలులా వంగింది. మూలన సగం ఖాళీ అయిన బకెట్టు, అందులో చెంబు ఉన్నాయి. మేస్త్రీని అడిగితే, ‘‘నీళ్లు చల్లకపోతే కాయ పొడైపోద్ది బాబూ, ఎప్పుడూ ఇట్టాగే చల్లుతాం’’ అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు. ఎండిన కాయ ముచ్చిక తీసేటప్పుడు విరుగుతుంది, ఘాటు లేచి కూలీలకు తుమ్ములు, దగ్గు పట్టుకుంటాయి. నాలుగు రోజుల్లో అమ్ముడయ్యే సరుకుకు అది పనికొచ్చే ఉపాయమే. ఆరు వారాలు మూసిన ఇనుప పెట్టెలో ఉండే సరుకుకు కాదు. నీళ్లు చల్లడం మాన్పించి, ముచ్చిక పనిని తెల్లవారుజాము 5 నుంచి 9 గంటలకు మార్చాము. ఆ వేళ గాలిలోని చెమ్మకే పెచ్చు కాస్త మెత్తబడి, విరుగుడు తగ్గుతుంది. కూలీలకు మాస్కులు కూడా ఇచ్చాము. నిజానికి మొదటి రోజే ఇవ్వాల్సింది.

ప్రయోగశాల నివేదికకు రెండు రోజులు పడుతుంది కనుక, షెడ్డులోనే రోజూ చేసుకోగల పరీక్ష ఒకటి పెట్టుకున్నాము.

1. గాలి చొరబడని మూత ఉన్న డబ్బాలో మూడొంతుల మేర కాయ నింపాలి.
2. కాయ మధ్యలో గాలి చెమ్మను కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటరును పెట్టి మూత బిగించాలి.
3. ఎండ తగలని చోట నాలుగు గంటలు ఉంచి, అంకె మారకుండా నిలబడిన తరువాత రాసుకోవాలి.

డబ్బాలోని గాలి చెమ్మ 65 శాతం దాటితే ఆ కాయను ఓడ ఎక్కించకూడదు. 70 దాటితే బూజుకు దారి దొరికినట్టే. మాది మొదట 71 ఉంది. రెండు విడతలు ఎండబెట్టాక 66 కు, ప్రయోగశాల లెక్కలో 11.2 శాతానికి దిగింది. ఒప్పందంలో తేమ 12 శాతం మించరాదని ఉంది కాబట్టి ఇది చాలనుకొని ఆపేశాము. మేము రాసుకున్న పరిమితిని ఒక్క శాతం దాటిన సరుకును ఒప్పందంలోని అంకె చూసి ఒప్పేసుకున్నామన్నమాట.

ఇప్పటివరకు: 17 రోజులు. ఆరబెట్టడానికి రూ.18,000. మొత్తం రూ.16,91,000.

దశ 3: బస్తాలు, కోడ్

25 కిలోల గోనె సంచులు 320 కొన్నాము. గోనె నారను మెత్తబరచడానికి మినరల్ ఆయిల్ వాడిన సంచులు ఆహారానికి పనికిరావు. వెజిటబుల్ ఆయిల్‌తో తయారైన ఆహార శ్రేణి సంచులనే అడిగి, ఆ మేరకు కాగితం తీసుకోవాలి. నింపిన సంచి కొలత 75, 50, 25 సెంటీమీటర్లు వచ్చింది, అంటే 0.094 ఘనపు మీటరు. 300 బస్తాలకు 28 ఘనపు మీటర్లు. 20 అడుగుల కంటైనర్ లోపలి చోటు సుమారు 33. మిరపకాయ తేలిక సరుకు కనుక బరువు పరిమితి కంటే చాలా ముందే చోటు నిండిపోతుంది.

పొరపాటు లేబుల్ దగ్గర జరిగింది. యూరప్ ప్రవేశంలో అదనపు తనిఖీలు పెట్టే 2019/1793 నిబంధన రెండో అనుబంధంలోని సరుకుకు ప్రతి పంపకానికీ ఒక గుర్తింపు కోడ్ ఉండాలి. అదే కోడ్ పరీక్ష నివేదిక మీద, అధికారిక ధ్రువపత్రం మీద, ప్రతి బస్తా మీద కనిపించాలి. మేము బస్తాల మీద మా సొంత లాట్ నంబరు వేయించి, ధ్రువపత్రం దరఖాస్తులో వేరే కోడ్ ఇచ్చాము. క్లియరింగ్ ఏజెంటు దగ్గర కూర్చొని పత్రాలు సరిపోల్చేటప్పుడు అది బయటపడింది. 300 బస్తాలకూ కొత్త లేబుళ్లు కుట్టించడానికి రెండు రోజులు పట్టింది. రాటర్‌డ్యామ్‌లో బయటపడి ఉంటే రెండు రోజులతో పోయేది కాదు.

ఈ అనుబంధాల జాబితాను, తనిఖీల శాతాన్ని ఆరు నెలలకోసారి సమీక్షిస్తారు. పోయిన ఏడు పంపినవారి మాట మీద ఆధారపడకుండా, బుకింగ్ చేసే వారంలో తాజా జాబితాను చూసుకోవాలి.

ఇప్పటివరకు: 21 రోజులు. సంచులు, లేబుళ్లు, రెండోసారి కుట్టుకూలి కలిపి రూ.33,000. మొత్తం రూ.17,24,000.

దశ 4: పొగబెట్టడం, ఖాళీ పెట్టె, నింపడం

పురుగుకు ఫాస్ఫీన్ వాయువు వాడాము. సూక్ష్మజీవుల కోసం ఇథిలీన్ ఆక్సైడ్ పట్టించమని ఒకరు సలహా ఇచ్చారు. యూరప్‌లో దానికి అనుమతి లేదు. సుగంధద్రవ్యాలలో దాని అవశేషం కిలోకు 0.1 మిల్లీగ్రాము దాటితే సరుకు ఆగిపోతుంది. 2020లో భారత నువ్వుల మీద మొదలైన హెచ్చరికలకు కారణం అదే. సూక్ష్మజీవులను చంపాల్సిందే అయితే ఆవిరి పద్ధతి ఉంది.

పట్టా కింద ఫాస్ఫీన్ పెట్టేటప్పుడు వేడిని, చెమ్మను నమోదు చేసే ఒక డేటా లాగర్‌ను బస్తాలోనే మరచిపోయాము. పట్టా తీసేసరికి అది పనిచేయడం లేదు. విప్పి చూస్తే లోపలి రాగి తీగలు నల్లబడి ఉన్నాయి. ఫాస్ఫీన్ రాగిని తినేస్తుంది. రూ.4,000 పోసి మరొకటి కొన్నాము.

ఖాళీ కంటైనర్ చెన్నై డిపో నుంచి వచ్చింది. తలుపు తెరవగానే పులిసిన వాసన వచ్చింది. చెక్క నేల తేమను మీటరుతో చూస్తే 24 శాతం. తడి నేల మీద ఎంత మందం కాగితం పరిచినా ఆ నీరు దారిలో పైకి లేస్తుంది. పెట్టెను తిప్పి పంపడానికి రూ.22,000 ఖర్చయింది, ఎందుకంటే దానిని మేము డిపోలో కాక మా షెడ్డు ముందు చూశాము. రెండో పెట్టెకు మనిషిని డిపోకే పంపి, ఈ వరుసలో చూడమన్నాము.

1. లోపలికి వెళ్లి తలుపులు మూయించి, పట్టపగలు వెలుతురు చుక్కలు ఎక్కడైనా పడుతున్నాయా చూడాలి.
2. మూసి ఉన్న ఐదు నిమిషాలూ వాసన గమనించాలి.
3. నేల తేమను ఆరు చోట్ల కొలవాలి; 18 శాతం దాటితే వద్దనాలి.
4. నేల మీద నూనె మరకలు, గోడల మీద పాత సరుకు పొడి ఉంటే వద్దనాలి.
5. తలుపు రబ్బరు పట్టీ చిరుగులను వేలితో తడిమి చూడాలి.
6. గాలి రంధ్రాల మూతలు పగిలి లేవని చూసుకోవాలి.

గోడలకు, నేలకు క్రాఫ్ట్ కాగితం కట్టి, 300 బస్తాలు పేర్చాము. క్యాల్షియం క్లోరైడ్ తేమ పీల్చే పట్టీలు రెండు కిలోలవి నాలుగు వేలాడదీశాము. మూడు లాగర్లు పెట్టాము: ఒకటి పైకప్పు కింద, ఒకటి దొంతర మధ్యలో, ఒకటి నేల మీద. పై వరుస బస్తాల మీద ఏమీ కప్పలేదు.

తూకం: సరుకు 7,500, సంచులు 180, పట్టీలు 8, కాగితం, తాళ్లు 12, ఖాళీ పెట్టె 2,230. మొత్తం 9,930 కిలోలు. కాటా 9,950 చూపింది. 2016 జూలై 1 నుంచి ధ్రువీకరించిన ఈ బరువు ఇవ్వకుండా ఏ కంటైనర్‌నూ ఓడ ఎక్కించరు.

ఇప్పటివరకు: 24 రోజులు. పట్టీలు రూ.1,800, కాగితం రూ.3,200, లాగర్లు నాలుగు రూ.16,000, పొగబెట్టడం రూ.9,000, హమాలీ రూ.6,000, ట్రైలర్ రూ.38,000, తిప్పి పంపిన పెట్టె రూ.22,000. మొత్తం రూ.18,20,000.

దశ 5: పత్రాలు

ఇక్కడ చెప్పాల్సినవి రెండే. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ జాబితా, షిప్పింగ్ బిల్లు, బిల్ ఆఫ్ లేడింగ్, ఆరోగ్య ధ్రువపత్రం అన్నిటిలోనూ సరుకు పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. రెండోది గడువు: అధికారిక ధ్రువపత్రం జారీ అయిన నాటి నుంచి నాలుగు నెలలు, పరీక్ష ఫలితం తేదీ నుంచి ఆరు నెలలు మించి చెల్లదు, రెండింటిలో ఏది ముందు ముగిస్తే అదే లెక్క. కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకుకు ముందే పరీక్ష చేయించి పెట్టుకునేవారు ఈ ఆరు నెలల సంగతి మరచిపోతారు. అక్కడి దిగుమతిదారు ట్రేసెస్ అనే యూరోపియన్ యూనియన్ ఆన్‌లైన్ వ్యవస్థలో ప్రవేశ పత్రాన్ని ముందుగా దాఖలు చేయాలి కనుక, స్కాన్ చేసిన పత్రాలను ఓడ కదిలిన రోజే పంపాము.

ఇప్పటివరకు: 29 రోజులు. సముద్ర రవాణా రూ.2,95,000, రేవు, ఏజెంటు ఖర్చులు రూ.46,000, బీమా రూ.11,000, ధ్రువపత్రాలు రూ.14,000. మొత్తం రూ.21,86,000, అంటే కిలోకు సుమారు రూ.291.

దశ 6: మొదటి ప్రయాణం, లాగర్ చెప్పినది

2023 డిసెంబరు నుంచి ఎర్ర సముద్రంలో నౌకల మీద దాడుల వల్ల చాలా ఓడలు సూయజ్ కాలువను వదిలి, ఆఫ్రికా దక్షిణపు కొస చుట్టూ తిరిగి పోసాగాయి. మా పెట్టె కూడా అలాగే వెళ్లింది: చెన్నై నుంచి కొలంబో 2 రోజులు, కొలంబో యార్డులో పెద్ద ఓడ కోసం 9 రోజులు, అక్కడి నుంచి రాటర్‌డ్యామ్ 31 రోజులు. మొత్తం 42.

సరిహద్దులో పత్రాల తనిఖీతోనే వదిలారు. గిడ్డంగిలో తలుపు తెరిచాక కొనుగోలుదారు ఫోటోలు పంపాడు. పై వరుసలోని 22 బస్తాల మీద చేతి వెడల్పు నల్లటి మరకలు, సంచి విప్పితే లోపల బూడిదరంగు బూజు. కింది వరుసల్లో ఒక్క బస్తా కూడా చెడలేదు.

సముద్రపు నీరు చేరిందని అనుకున్నాము. బీమా సర్వేయరు మరకల మీద సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేశాడు. ఉప్పునీరైతే తెల్లగా విరగాలి. 21 బస్తాల మీద విరగలేదు, ఒక్కదాని మీద పాలలా విరిగింది. మేము సంబరపడే లోపే అతను పైకి చూశాడు: ఆ బస్తాకు సరిగ్గా పైన తేమ పట్టీ ఒకటి నిండిపోయి కారుతున్నది. అందులో ఉన్నది క్యాల్షియం క్లోరైడ్, అదీ క్లోరైడే. బయటి నీరు రాలేదని, సరుకులోని తేమే పైకప్పుకు చేరి కిందకు కారిందని నివేదిక రాశాడు. సరుకు స్వభావం వల్ల కలిగిన నష్టానికి బీమా వర్తించదు.

లాగర్ల అంకెలు చూసేదాకా, దక్షిణాఫ్రికా చలికాలపు సముద్రంలోనే పెట్టె చెమటపట్టి ఉంటుందని మా ఊహ. పైకప్పు లాగర్ వేరే కథ చెప్పింది.

కొలంబో యార్డు, మధ్యాహ్నం 2 గంటలు: 53 డిగ్రీల సెల్సియస్, చెమ్మ 34 శాతం.
అదే రోజు సాయంత్రం 4.40, వాన తరువాత: 28 డిగ్రీలు, చెమ్మ 97 శాతం.
దక్షిణాఫ్రికా కొస దగ్గర, అత్యల్పం: 15 డిగ్రీలు, చెమ్మ 91 శాతం.
భూమధ్యరేఖ రెండోసారి దాటేటప్పుడు: 28 డిగ్రీలు, చెమ్మ 70 శాతం.
రాటర్‌డ్యామ్: 19 డిగ్రీలు, చెమ్మ 86 శాతం.

చెమ్మ 90 శాతం పైన ఉన్న గంటలు ప్రయాణమంతటిలో 72. అందులో 58 కొలంబో యార్డులోనివే. ఎండకు కాలిన పైకప్పు పై వరుస కాయను వేడిచేసి దానిలోని నీటిని గాలిలోకి లాగుతుంది. నైరుతి వాన పడగానే రేకు చల్లబడి, ఆ నీరంతా బొట్లుగా అదే బస్తాల మీద రాలుతుంది. తొమ్మిది రోజుల్లో ఇలా పదకొండు సార్లు జరిగింది. సముద్రం మీద చల్లదనం మెల్లగా, రోజుల తరబడి వస్తుంది కనుక సరుకు కూడా దానితో పాటే సర్దుకుంది. దొంతర మధ్యలోని లాగర్‌లో చెమ్మ మొదటి నుంచి చివరిదాకా 63, 66 శాతాల మధ్యే ఉంది.

ఈ నీరు ఎక్కడిదన్న లెక్క మాకు ముందే తట్టాల్సింది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి పట్టుకోగల నీరు 30 గ్రాములే; పెట్టె మొత్తం గాలే అనుకున్నా కిలో నీరు కూడా ఉండదు. 7,500 కిలోల కాయలో 11.2 శాతం లెక్కన 840 కిలోల నీరుంది. తేమగాలి లోపలికి రాకూడదని పొడిరోజు చూసి నింపిన మేము, చెరువును బస్తాల్లో కట్టి లోపల పెట్టి తలుపు వేశాము. గాలి 30 డిగ్రీల వేడిలో, 66 శాతం చెమ్మతో ఉంటే రేకు 23 డిగ్రీలకు దిగగానే బొట్లు కడతాయి. యార్డులో పై గాలి అంతకంటే వేడిగా, తేమగా ఉన్నందువల్ల 28 దగ్గరే దాదాపు ఆ స్థితి వచ్చింది.

మొదటి కంటైనర్ ముగింపు లెక్క: అమ్మకం 7,500 కిలోలు, కిలో రూ.325 చొప్పున రూ.24,37,500. పనికిరాని 550 కిలోల ధర రూ.1,78,750, అక్కడ వేరుచేసి నాశనం చేసిన ఖర్చు రూ.62,000 కోతపడ్డాయి. చేతికి వచ్చింది రూ.21,96,750. పెట్టుబడి పోగా మిగిలింది రూ.10,750.

దశ 7: రెండో కంటైనర్, మార్పులు

ఆగస్టులో సరుకును కోల్డ్ స్టోరేజీ నుంచి తీశాము, తీస్తూనే కొత్త తప్పు చేశాము. 9 డిగ్రీల టిక్కీలను షెడ్డుకు తెచ్చి వెంటనే విప్పించాము. గంటలోపు కాయ మీద మంచు పట్టినట్టు తడి కనిపించింది; ఆ రోజు డబ్బా పరీక్షలో 69 వచ్చింది. మిగిలిన టిక్కీలను విప్పకుండా, ఒకదానికొకటి ఆనకుండా నిలబెట్టి, మధ్యలోకి పొడవాటి థర్మామీటరు గుచ్చి చూశాము. 9 నుంచి 27 డిగ్రీలకు చేరడానికి 52 గంటలు పట్టింది. ఇప్పుడు మూడో రోజు ఉదయానికి ముందు ఏ టిక్కీనీ విప్పడం లేదు.

తేమను ముందుగా 9.8 శాతానికి దించాము. విరుగుడు 3.1 శాతం నుంచి 5.6 కి పెరిగింది. అంత విరుగుడును కొనుగోలుదారు ఒప్పుకోడు. తరువాతి విడతలను 10.4 దగ్గర ఆపితే డబ్బా పరీక్షలో 58, విరుగుడు 3.9 వచ్చాయి. 30 డిగ్రీల దగ్గర 58 శాతమంటే రేకు 21 డిగ్రీలకు దిగేదాకా బొట్లు కట్టవు. చూడటానికి రెండు డిగ్రీల తేడాయే, కానీ కొలంబో రాత్రులు ఆ హద్దుకు పైనే ఉంటాయి.

మిగిలిన మార్పులు ఇవి.

1. తేమ పట్టీలు నాలుగు నుంచి పన్నెండు. అదనం రూ.3,600. కారినా బస్తా మీద పడకుండా, గోడల గాడుల్లో కట్టాము.
2. పై వరుస మీద నీరు పీల్చే దళసరి వస్త్రం. రూ.4,500.
3. కొలంబోలో మూడు రోజులే ఆగే సర్వీసు. అదనం రూ.32,000. ఓడలో పై వరుసలో కాక లోపలి అరలో పెట్టమని బుకింగ్‌లో రాయించాము. దానికి ఎవరూ హామీ ఇవ్వరు.
4. అదనపు ఆరబెట్టుడు రూ.9,000.

అన్నీ కలిపి అదనపు ఖర్చు రూ.49,100. మొదటిసారి కోతపడిన మొత్తం రూ.2,40,750.

ప్రయాణం 38 రోజులు పట్టింది. ఈసారి సరిహద్దులో నమూనా తీసుకున్నారు. ఐదు రోజులు ఆగింది, బి1 2.2 తో వదిలారు. పైకప్పు దగ్గర చెమ్మ 90 దాటిన గంటలు 6. 24 కిలోల పట్టీలు 45 కిలోలయ్యాయి, అంటే 21 కిలోల నీరు పట్టాయి, ఇంకా పట్టగల స్థితిలోనే దిగాయి. మొదటిసారి 8 కిలోల పట్టీలు 25 కిలోలై, ఒకటి కారడం మొదలుపెట్టింది. పై వరుసలో బూజు లేదు.

తలుపు దగ్గర కింది మూలన రెండు బస్తాలు మాత్రం తడిశాయి. సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లగా విరిగింది, ఆ మూలకు దగ్గరలో పట్టీ ఏదీ లేదు. ఇది నిజంగా సముద్రపు నీరే. వెలుతురు పరీక్షలో ఆ పెట్టె నెగ్గింది. రబ్బరు పట్టీకి చిరుగు లేదు, కానీ మూల దగ్గర అణిగిపోయి తలుపుకు గట్టిగా ఆనడం లేదు. వెలుతురు అడ్డుకునేంత ఆనినా నీటిని ఆపేంత ఆనదు. డిపో జాబితాకు ఏడో అడుగు చేర్చాము: తలుపు రబ్బరు ఆనే ఇనుప అంచు పొడవునా సుద్ద రాసి, తలుపు బిగించి తెరిచి, రబ్బరు మీద సుద్ద గీత ఎక్కడా తెగకుండా పడిందో లేదో చూడాలి. మూడో కంటైనర్ కోసం పోయిన వారం మూడు పెట్టెలు ఇలా చూస్తే, రెండింటిలో కింది మూలన గీత తెగింది.